కారులో వాడుకునే వాకీటాకీని ఎలా ఎంచుకోవాలి

మైదానంలో మూడు కిలోమీటర్ల దాకా చక్కగా పలికిన వాకీటాకీ కారెక్కగానే కిలోమీటరు కూడా దాటదు. సెట్‌లో లోపమేమీ ఉండదు. చుట్టూ ఉన్న ఇనప డబ్బాయే తరంగాన్ని ఆపేస్తుంది. బయటికి దారి కిటికీ అద్దాలొక్కటే, అదీ అన్ని వైపులా సమానంగా ఉండదు. కారు లోపల రబ్బరు యాంటెన్నాతో మాట్లాడితే 10 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలంలో హెచ్చుతగ్గుల కొలత) దాకా నష్టం మామూలే, అంతకు మించినా ఆశ్చర్యం లేదు. 10 డీబీ అంటే పదో వంతు మిగలడం. చేతిలో ఉన్నది 5 వాట్ల సెట్టే, బయటి ప్రపంచానికి మాత్రం అది అర వాటు సెట్.

అందుకే డబ్బా మీద పెద్దక్షరాలతో వేసిన వాట్లు చూసి మోసపోవద్దు. 5 వాట్ల సెట్ బదులు 8 వాట్లది కొంటే వచ్చే లాభం 2 డీబీ. అవతలి మనిషి చెవికి ఆ తేడా ఆనదు. అదే యాంటెన్నాని కారు పైకప్పు మీదికి చేర్చారంటే పోయిన 10 డీబీ మొత్తం తిరిగొస్తుంది. కారు కోసం సెట్ కొనేటప్పుడు ముందు దానికి ఏమేం తగిలించొచ్చో చూడాలి: బయటి యాంటెన్నా, బండి కరెంటు, బయటి స్పీకర్ లేదా మైకు. ఈ మూడింటికీ దారి లేని సెట్ ఎంత ఖరీదైనదైనా బండిలో బొమ్మే.

ముందు బ్యాండ్ తేల్చుకోండి

ఎవరితో మాట్లాడాలన్నదే బ్యాండ్‌ని, అంటే సెట్ పనిచేసే పౌనఃపున్యాల పట్టీని నిర్ణయిస్తుంది. మిగతా బళ్ళలో ఏ సర్వీసు (చట్టం ఒక రకం వాడకానికి కేటాయించిన ఛానెళ్ళు) సెట్లుంటే మీదీ అదే కావాలి. ఆ పౌనఃపున్యం మీరున్న దేశంలో లైసెన్సు లేకుండా వాడొచ్చా, లైసెన్సు కావాలా అన్నది కొనకముందే చూసుకోండి.

ఇక్కడొక మెలిక ఉంది. లైసెన్సు అక్కర్లేని సెట్లలో చాలావాటికి యాంటెన్నా ఊడదు. యూరప్‌లోని పీఎంఆర్446 సెట్లు అర వాటుకే పరిమితం, యాంటెన్నా సెట్‌కే అతికి ఉండాలన్నది నిబంధన. అమెరికాలో ఎఫ్‌ఆర్‌ఎస్ కూడా అంతే, గరిష్ఠం 2 వాట్లు. అంటే కారు పైన యాంటెన్నా పెట్టే దారి చట్టమే మూసేసింది. అదే అమెరికాలో లైసెన్సుతో వాడే జీఎంఆర్‌ఎస్‌లోనూ, ఆస్ట్రేలియాలో 477 మెగాహెర్ట్జ్ దగ్గరుండే యూహెచ్‌ఎఫ్ సీబీలోనూ, ఎక్కడైనా హ్యామ్ (లైసెన్సుతో అభిరుచి కోసం వాడే రేడియో) బ్యాండ్లలోనూ బయటి యాంటెన్నా తగిలించుకోవచ్చు. ఒకదాని వెనక ఒకటిగా వెళ్ళే రెండు మూడు కార్ల మధ్య మాటలకు యాంటెన్నా ఊడని సెట్లు సరిపోతాయి. మధ్యలో లారీలు దూరి, బళ్ళు విడిపోయి కిలోమీటర్ల దూరం పడే ప్రయాణాలకు అవి చాలవు.

తక్కువ పౌనఃపున్యాల వీహెచ్‌ఎఫ్‌లో 145 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త పైన, ఎక్కువ పౌనఃపున్యాల యూహెచ్‌ఎఫ్‌లో 446 దగ్గర 67 సెంటీమీటర్లు. కారు కిటికీలోంచి రెండోది సులువుగా దూరిపోతుంది, మొదటిదానికి ఆ సందు ఇరుకు. అందువల్ల యాంటెన్నా లోపలే ఉంటుందనుకుంటే యూహెచ్‌ఎఫ్ తీసుకోండి. యాంటెన్నా పైకప్పు మీద ఉంటే లెక్క మారుతుంది: గుట్టలూ చెట్లూ ఉన్న పల్లె దారుల్లో వీహెచ్‌ఎఫ్‌ది కాస్త పైచేయి, భవనాల మధ్య యూహెచ్‌ఎఫ్‌ది. 27 మెగాహెర్ట్జ్ హ్యాండ్‌హెల్డ్ (చేతిలో పట్టే సెట్) జోలికి మాత్రం పోవద్దు. పదకొండు మీటర్ల తరంగాన్ని జానెడు రబ్బరు యాంటెన్నాతో, అదీ కారు లోపల్నించి పంపాలనుకోవడం అత్యాశ.

అద్దాలకు లోహపు పూత ఉన్న సన్‌ఫిల్మ్ వేసినా, ముందు అద్దంలో వేడెక్కే సన్నని తీగలున్నా ఆ కిటికీ దారి కూడా సగం మూసుకున్నట్టే. సెట్‌ని డ్యాష్‌బోర్డు దగ్గర్నుంచి పక్క కిటికీ దగ్గరికి జరిపితే సిగ్నల్ అమాంతం పెరిగిందంటే దోషం ముందు అద్దానిదే.

యాంటెన్నా, దాని కనెక్టర్

సెట్ చేతిలోకి తీసుకుని యాంటెన్నాని అపసవ్య దిశలో తిప్పి చూడండి. ఊడి వస్తే లోపల సన్నటి మరతో ఎస్‌ఎంఏ కనెక్టర్ కనిపిస్తుంది. దాని నడిమధ్యకు చూడాలి. కొన్ని సెట్లలో అక్కడ సూది ఉంటుంది, కొన్నిటిలో చిల్లు ఉంటుంది. రెండూ ఎస్‌ఎంఏలే, ఒకదానికి కొన్న యాంటెన్నా రెండోదానికి ఎక్కదు. యాంటెన్నా, అడాప్టర్ కొనేటప్పుడు జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. ఫోనులో దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఎస్‌ఎంఏ కనెక్టర్ రోజూ ఊడదీసి బిగించడానికి పుట్టింది కాదు. పొద్దున కారు యాంటెన్నా, సాయంత్రం రబ్బరు యాంటెన్నా అంటూ మారుస్తుంటే కొన్నాళ్ళకి మర అరిగిపోతుంది. సెట్ మీద ఎస్‌ఎంఏ నుంచి బీఎన్‌సీకి మార్చే అడాప్టర్ ఒకటి శాశ్వతంగా బిగించేయండి, రెండు యాంటెన్నాలకూ బీఎన్‌సీ పెట్టుకోండి. అప్పుడు పావు మలుపుతో మారుతుంది. అడాప్టర్ అడుగు అంచు సెట్ ఒంటికి ఆని కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే ఊగిన బలమంతా లోపలి బోర్డు మీది టంకం మీద పడుతుంది.

ఆ టంకం విరగడమే హ్యాండ్‌హెల్డ్‌కి కారులో వచ్చే మొదటి రోగం. ఆర్‌జీ-58 లాంటి లావు కేబుల్‌ని నేరుగా సెట్‌కి తగిలిస్తే, బండి కుదుపుకల్లా అది మీట వేసినట్టు కనెక్టర్‌ని పెకలిస్తుంది. కేబుల్‌ని వేలితో కదిపినప్పుడల్లా సిగ్నల్ వస్తూ పోతూ ఉందంటే ఆ టంకం విరిగి ఉండొచ్చు. దీనికి మందు తేలికే. 30 సెంటీమీటర్ల సన్నటి మెత్తని కేబుల్ ముక్క, అంటే ఆర్‌జీ-316 గానీ ఆర్‌జీ-174 గానీ మధ్యలో పెట్టి, లావు కేబుల్‌ని సీటు పక్కనో కన్సోల్ దగ్గరో క్లిప్పుతో పట్టించండి. లాగుడంతా క్లిప్పు మీద పడుతుంది, సెట్ మీద పడదు.

మొత్తం కేబుల్ సన్నదే వేసేస్తే ఈ బాధ పోదా అంటే, పోతుంది, దాంతో పాటు పవర్ కూడా పోతుంది. యూహెచ్‌ఎఫ్‌లో 5 మీటర్ల ఆర్‌జీ-174 దాదాపు 3 డీబీ తింటుంది, అంటే సగం పవర్ కేబుల్‌లోనే వేడిగా మారిపోతుంది. అదే పొడవు ఆర్‌జీ-58 అయితే మూడో వంతు దాకా పోతుంది. చవక మాగ్నెట్ మౌంట్లతో (అయస్కాంతంతో పైకప్పుకి అంటుకునే యాంటెన్నా పీటలతో) వచ్చేది చాలావరకు ఆ సన్న రకమే. కొనేటప్పుడు కేబుల్ మందం చూడండి: 5 మిల్లీమీటర్లుంటే ఆర్‌జీ-58 రకం, 3 కంటే తక్కువుంటే ఆర్‌జీ-174 రకం. వీహెచ్‌ఎఫ్‌లో ఈ నష్టం డీబీల్లో రమారమి సగమే కాబట్టి అక్కడ సన్నదానితో సర్దుకోవచ్చు.

పావు తరంగం యాంటెన్నా (తరంగం పొడవులో నాలుగో వంతుండేది) పొడవుకి గుర్తుండిపోయే లెక్క ఒకటుంది. 7125ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. 145కి 49, 446కి 16. కొన్నది ఈ పొడవుకి దగ్గర్లో లేకపోతే అందులో కాయిలైనా ఉండాలి, లేదా అది వేరే రకం డిజైనైనా అయి ఉండాలి. రెండూ కాకపోతే అనుమానించాలి. ఈ యాంటెన్నాకి రెండో సగం కారు పైకప్పే. నాలుగు వైపులా కనీసం యాంటెన్నా పొడవంత ఇనప రేకు కావాలి. అందుకే దాని చోటు పైకప్పు నడుమ. అంచున పెడితే ఒక వైపు బాగా, ఇంకో వైపు పేలవంగా పలుకుతుంది. పైకప్పు అద్దమో, అల్యూమినియమో, ఫైబరో అయితే అయస్కాంతం అంటుకోనే అంటుకోదు. అలాంటి బళ్ళకు గ్రౌండ్‌ప్లేన్ (యాంటెన్నా కింద లోహపు రేకు) అక్కర్లేని అర తరంగం యాంటెన్నాని బ్రాకెట్‌తో బిగించుకోవాలి.

బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరుగుతోందో తెలిపే కొలత) కొలవండి. 1.5 లోపుంటే భేష్. 2 అంటే పంపినదాంట్లో 11 శాతం వెనక్కి తిరుగుతోంది, పర్వాలేదు. 3 దగ్గర పావు వంతు వెనక్కొస్తుంది, అప్పుడు పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే బటన్) నొక్కకుండా ముందు కారణం వెతకాలి. మీకు కావలసిన పౌనఃపున్యం కంటే కింద రీడింగ్ తక్కువగా ఉందంటే కడ్డీ పొడవెక్కువైంది. రెండేసి మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించండి. ఒకేసారి సెంటీమీటరు కోసేస్తే మళ్ళీ అతికించలేరు. యాంటెన్నా లేకుండా మాత్రం పరీక్ష కోసమైనా పీటీటీ నొక్కొద్దు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

బయటి యాంటెన్నా పెట్టాక కొన్ని చవక సెట్లు ఊళ్ళోకి రాగానే మూగబోతాయి. వాటిలో రిసీవర్ పనంతా ఒక్క చిప్పే చూసుకుంటుంది, ముందు గట్టి ఫిల్టరింగ్ ఉండదు. పెద్ద యాంటెన్నా తెచ్చిపోసే బలమైన సిగ్నళ్ళకు అది ఉక్కిరిబిక్కిరవుతుంది, పక్కన నిలబడ్డ బలహీనమైన సిగ్నల్ దానికి వినిపించదు. టవర్ల కింద నుంచి రోజూ వెళ్ళేవాళ్ళు సూపర్‌హెటరోడైన్ రిసీవర్ (సిగ్నల్‌ని మరో పౌనఃపున్యానికి మార్చి గట్టిగా వడగట్టే రకం) ఉన్న సెట్‌కే డబ్బు పెట్టడం మేలు. స్పెసిఫికేషన్‌లో ఆ మాట కోసం వెతకండి.

కరెంటు

5 వాట్లు పంపేటప్పుడు 7.4 వోల్ట్ల సెట్ సుమారు 1.5 ఆంపియర్లు లాగుతుంది. స్పీకర్ మోగుతుంటే 0.3, ఊరికే వింటూ కూర్చుంటే 0.07 దగ్గర అనుకుందాం. కంపెనీ చెప్పే బ్యాటరీ గంటలు మామూలుగా 5-5-90 లెక్కవి: నూటికి 5 వంతులు పంపడం, 5 వంతులు వినడం, మిగతాది నిరీక్షణ. ఆ లెక్కన సగటు 0.15 ఆంపియర్లు, 2000 మిల్లీఆంప్-అవర్ బ్యాటరీ పదమూడు గంటలు వస్తుంది. కార్ల వరసలో కబుర్లు ఎక్కువ. 15 వంతులు పంపుతూ, 35 వంతులు వింటూ ఉంటే సగటు 0.36కి చేరుతుంది, అయిదున్నర గంటలకే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. అందువల్ల బండి కరెంటు మీద నడిచే ఏర్పాటు ఉన్న సెట్టే ఎంచుకోండి.

దారులు మూడు. సెట్‌కే 12 వోల్ట్ల జాక్ ఉండటం అన్నిటికంటే నయం, కాకపోతే కొన్ని మోడళ్ళకే ఉంటుంది. రెండోది బ్యాటరీ ఎలిమినేటర్: బ్యాటరీ ఆకారంలో ఉన్న డొల్ల, దాన్నుంచి లైటర్ సాకెట్‌కి వైరు. మూడోది యూఎస్‌బీ ఛార్జింగ్.

ఎలిమినేటర్ కొంటే దాని మీద 2 ఆంపియర్లో అంతకంటే ఎక్కువో రాసి ఉండాలి. కొన్నిటిలో లోపల వోల్టేజీని వేడిగా మార్చి తగ్గించే లీనియర్ రెగ్యులేటర్ ఉంటుంది. 13.8 వోల్ట్లను 7.8కి దించుతూ 1.5 ఆంపియర్లిస్తే 9 వాట్ల వేడి ఆ చిన్న డొల్లలోనే. ఎక్కువసేపు మాట్లాడితే ముట్టుకోలేరు. స్విచింగ్ రకం చల్లగా ఉంటుంది, బదులుగా రేడియోలో రొద పెట్టే అవకాశం ఉంది. పరీక్ష సులువు. ఒక బలహీనమైన సిగ్నల్ వింటూ ఛార్జర్ ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టండి. ప్లగ్ పెట్టగానే గరగర పెరిగినా, సిగ్నల్ కిందికి మునిగిపోయినా దోషి దొరికినట్టే. వైరుని సెట్ దగ్గర, రొదను అడ్డుకునే ఫెరైట్ రింగులోంచి నాలుగైదు చుట్లు చుట్టి చూడండి, తగ్గకపోతే ఛార్జర్ మార్చాల్సిందే. ఎక్సిలరేటర్ తొక్కితే ఈల స్వరం పెరుగుతోందంటే అది ఛార్జర్ రొద కాదు, ఆల్టర్నేటర్‌ది. దానికి వైరింగ్, ఎర్త్ చూడాలి.

లారీలు, బస్సుల్లో చాలావాటికి 24 వోల్ట్లు, ఇంజిన్ నడుస్తుంటే 28 దాకా వెళ్తుంది. 12 వోల్ట్ల ఎలిమినేటర్ అందులో పెడితే పొగే. ఇన్‌పుట్ 10 నుంచి 30 వోల్ట్లని రాసి ఉన్నది కొనండి. ఏ బండైనా ఆ వైరులో 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

యూఎస్‌బీ ఛార్జింగ్ ఉన్న సెట్లలో కొన్ని ఛార్జ్ అవుతుండగా ట్రాన్స్‌మిట్ చేయనివ్వవు. కొనేముందు మాన్యువల్లో ఈ ఒక్క వాక్యం వెతకండి.

ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద 60 డిగ్రీలు దాటడం వింత కాదు. లిథియం-అయాన్ బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక గానీ సున్నా కంటే దిగువన గానీ ఛార్జ్ చేయకూడదు. కారు దిగుతూ సెట్ జేబులో పెట్టుకెళ్ళడమో, కనీసం సీటు కింద నీడలో పెట్టడమో చేయండి.

వినపడాలి కదా

ఇంట్లో కూర్చుని విన్నప్పుడు అన్ని సెట్లూ గట్టిగానే వినిపిస్తాయి. కిటికీ దించి, ఏసీ ఫ్యాన్ పెంచి, హైవే మీద వెళ్తుంటే అర వాటు స్పీకర్ గొణుగుతున్నట్టుంటుంది. ఆడియో అవుట్‌పుట్ 700 మిల్లీవాట్లకు తగ్గనిది చూడండి, 1 వాటు అయితే ఇంకా మంచిది. దానికి తోడు స్పీకర్ మైకు. అది సీటు బెల్టు దగ్గర తగిలించుకుంటే సెట్ ఎక్కడున్నా ఫర్వాలేదు, మైకు నోటికి అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది.

స్పీకర్ మైకు జాక్‌ని కూడా దగ్గర్నుంచి చూడండి. చాలా సెట్లలో 2.5, 3.5 మిల్లీమీటర్ల రెండు చిల్లులుంటాయి. ఆ ప్లగ్గు నొక్కుడు మీదే నిలుస్తుంది, కుదుపులకు అర మిల్లీమీటరు బయటికొస్తే సెట్ తనంతట తానే ట్రాన్స్‌మిట్‌లో ఇరుక్కుపోవచ్చు. మీకు తెలియదు, మిగతా బళ్ళకు మాత్రం మీ కారులోని కబుర్లన్నీ వినిపిస్తూ ఛానెల్ మూసుకుపోతుంది. మరతో బిగించే కనెక్టర్ ఉన్న సెట్ అయితే ఈ బాధ లేదు. రెండు చిల్లుల సెట్టే కొంటే టైమ్‌అవుట్ టైమర్ 60 సెకన్లకు పెట్టండి. ఇరుక్కున్నా నిమిషానికి తనే ఆగుతుంది.

వాక్స్ ఆపేయండి. మాట వినగానే దానంతటదే పంపే ఈ సౌకర్యం, కారులో టైర్ల చప్పుడుకీ హారన్‌కీ కూడా లేచి కూర్చుంటుంది. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్లు పెట్టి బండి నడపడం వద్దు. చాలాచోట్ల నడిపే మనిషి చేత్తో ఫోను పట్టుకోవడం నేరం, కొన్ని దేశాల నిబంధనలు రేడియోనీ అందులోనే కలుపుతాయి. పక్క సీటు మనిషికి అప్పగిస్తే ఈ సందేహమే ఉండదు.

మిగతావి

ఛానెల్ మార్చడానికి మెనూలోకి వెళ్ళాల్సిన సెట్ కంటే, పైన టకటకమని తిరిగే 16 స్థానాల నాబ్ ఉన్నది బండికి సరైనది. చూడకుండానే వేళ్ళతో లెక్కపెట్టుకోవచ్చు. కీలాక్ ఉండాలి. ధూళి, జల్లు తట్టుకోవడానికి ఐపీ54 రక్షణ స్థాయి చాలు, పైకప్పు లేని బండికైతే ఐపీ67. డిజిటల్ సెట్ కొంటే అందరిదీ ఒకే ప్రమాణం కావాలి. ఉదాహరణకు డీఎంఆర్ అనే ప్రమాణపు సెట్‌కి మరో డిజిటల్ ప్రమాణం అర్థం కాదు.

అన్ని సెట్లలో ఛానెల్ వెడల్పు ఒకటే పెట్టండి. ఒకటి 12.5 కిలోహెర్ట్జ్, మరొకటి 25 అయితే ఒకవైపు మాట సన్నగా, మరోవైపు మాట పగిలి వినిపిస్తుంది. దాన్ని సిగ్నల్ లోపమనుకుని యాంటెన్నాలు మార్చేవాళ్ళున్నారు. సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతో పాటు వెళ్ళే వినపడని స్వరం, అది సరిపోలితేనే అవతలి స్పీకర్ తెరుచుకుంటుంది) మొదటి రోజు పెట్టకండి. టోన్ లేకుండా అందరూ అందరికీ వినిపించాక అప్పుడు కలపండి. వాళ్ళ మాట మీకు వస్తూ మీ మాట వాళ్ళకి చేరలేదంటే, ముందు మీ ట్రాన్స్‌మిట్ టోన్ చూడండి. టోన్ వల్ల మీ మాటలు రహస్యమైపోవు, అనవసరమైన చప్పుళ్ళు స్పీకర్‌కి రాకుండా ఆగుతాయి, అంతే.

సెట్‌ని ఎయిర్‌బ్యాగ్ మూత మీద గానీ దాని ముందు గానీ బిగించొద్దు, అది పేలితే సెట్ రాయిలా ముఖం మీదికొస్తుంది. యాంటెన్నా కేబుల్‌ని కిటికీ పక్క స్తంభాల్లోంచి తీసుకెళ్తే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ దారికి అడ్డం పడొచ్చు. తలుపు రబ్బరు సందులోంచి లోపలికి తెచ్చి, తలుపు లాక్ పడే చోటుకి దూరంగా ఉంచండి. బయట కేబుల్‌ని కొంచెం కిందికి వేలాడేలా వంపు పెడితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి పాకదు.

రోజంతా, ఇరవై ముప్ఫై కిలోమీటర్ల దూరానికి, ఒక్క మనిషే ఎడతెగకుండా పంపాల్సిన పని మీది అయితే హ్యాండ్‌హెల్డ్ వెతకడం మానేయండి. చిన్న ఒంట్లో వేడి పోయే దారి లేక కొన్ని నిమిషాల్లో పవర్ తనే తగ్గించేస్తుంది. అక్కడ 25 వాట్లకు పైబడ్డ, బండికి బిగించే మొబైల్ సెట్ కావాలి.

కొన్న మొదటి వారం ఒక పరీక్ష. ఇద్దరు, రెండు సెట్లు, ఒక కారు కదలకుండా, రెండోది దూరం పోతూ ప్రతి 500 మీటర్లకు ఆగి మాట్లాడాలి. ఒకసారి రబ్బరు యాంటెన్నాతో కారు లోపల్నించి, ఒకసారి అదే సెట్ పట్టుకుని కారు దిగి, ఒకసారి పైకప్పు యాంటెన్నాతో. మూడూ కాగితం మీద రాసుకోండి. మొదటిదానికీ మూడోదానికీ దూరంలో పెద్ద తేడా కనపడకపోతే యాంటెన్నాదో కేబుల్‌దో తప్పు. మాగ్నెట్ మౌంట్ పెట్టేముందు పైకప్పునీ అయస్కాంతం అడుగునీ తడిగుడ్డతో తుడవండి, మధ్యలో ఇసుక రేణువుంటే రంగు గీసుకుపోతుంది. యంత్రంతో కారు కడిగించేటప్పుడూ, పైకప్పు తక్కువున్న పార్కింగ్‌లోకి దించేటప్పుడూ యాంటెన్నా తీసి లోపల పెట్టుకోండి.